జర్మనీలో పెరిగే చిన్నపిల్లలకి తెలుగు, జర్మన్ రెండూ రావాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల మనవాళ్ళు ఎక్కడ కలిసినా, అది బర్త్‌డే పార్టీ అవ్వనీ ఉగాది ప్రోగ్రాం అవ్వనీ, చిన్నపిల్లలున్న అమ్మానాన్నలు ఓ పక్కకి చేరారంటే ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ ప్లేటు చేతిలో పట్టుకుని సగం సగం చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నా. పుట్టినప్పటి నుంచి ఆరేడేళ్ళ లోపు పిల్లల గురించే ఇది, టీనేజ్ వాళ్ళ గొడవ వేరే. నేను స్పీచ్ థెరపిస్ట్‌ని కాదు, ఇద్దరు పిల్లల్ని ఇక్కడ పెంచుతున్న అమ్మని, ఈ సబ్జెక్ట్ మీద కనిపించిందల్లా చదివే పిచ్చి ఒకటుంది అంతే.

రెండు భాషలు ఒకేసారి వింటే పిల్ల కన్ఫ్యూజ్ అవ్వదా?

అవ్వదు. అసలు ఈ భయం మనకెక్కడి నుంచి అంటుకుందో నాకర్థం కాదు, కుప్పం వైపు వెళ్తే తెలుగు, తమిళం, కన్నడం మూడింట్లోనూ బేరమాడే అవ్వలు కనిపిస్తారు, హైదరాబాద్ పాతబస్తీ పక్కన పెరిగినవాళ్ళకి ఉర్దూ ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. యూరప్‌లో, అమెరికాలో మాత్రం చాలాకాలం పాటు రెండు భాషలైతే పిల్లలకి తెలివి తగ్గుతుందనే నమ్మారు. 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అనే పరిశోధకులు పదేళ్ళ వయసు పిల్లల్ని పరీక్ష చేసి చూస్తే ఫ్రెంచ్, ఇంగ్లీష్ రెండూ వచ్చినవాళ్ళే మెరుగ్గా చేశారు, అక్కడి నుంచి ఆ నమ్మకం మెల్లగా సడలింది. అలాగని రెండు భాషలొస్తే బ్రెయిన్ రెట్టింపు స్పీడుతో పనిచేస్తుందని వచ్చే వాట్సాప్ ఫార్వర్డ్‌లు కూడా నమ్మక్కర్లేదు, ఆ లాభాల మీద ఇప్పటికీ రీసెర్చర్లు కొట్టుకుంటూనే ఉన్నారు.

"అమ్మా, బాల్ వెక్ అయిపోయింది" అని (వెక్ అంటే జర్మన్‌లో పోయింది అని) కలిపి మాట్లాడితే అది కన్ఫ్యూజన్ కాదండీ. రెండేళ్ళ పిల్ల ఏ మాట ముందు గుర్తొస్తే అది వాడుతుంది, మనం "మీటింగ్ పోస్ట్‌పోన్ అయింది" అన్నట్టే. నాలుగేళ్ళొచ్చేసరికి ఎవరితో ఏది మాట్లాడాలో వాళ్ళకి బాగా తెలుస్తుంది, కిటాలో (బడికి ముందు పిల్లల్ని పంపే ఇక్కడి డేకేర్) టీచర్‌తో తెలుగు మాట్లాడిన పిల్లని నేనైతే చూళ్ళేదు.

మాటలు లేట్‌గా వస్తాయంటారు, నిజమేనా?

రెండు భాషల వల్ల లేటవ్వడం అనేది లేదు. ఏ పిల్లలకైనా మొదటి మాటలు ఏడాది అటూఇటూ, రెండేళ్ళకి ఓ యాభై మాటలు, "పాలు ఇంకా", "నాన్న రా" లాంటి రెండేసి మాటలు కలపడం, ఇదే లెక్క. తేడా ఎక్కడంటే లెక్కపెట్టడంలో వస్తుంది. ఇక్కడ పిల్లల డాక్టర్ దగ్గర యూ-7 అని చెకప్ ఉంటుంది కదా, 21 నుంచి 24 నెలల మధ్య చేసేది, అందులో ఎన్ని మాటలొచ్చో అడుగుతారు. చాలామంది అమ్మలు జర్మన్ మాటలే లెక్కపెట్టి పదో పన్నెండో అని చెప్పి ఇంటికొచ్చి ఏడుస్తారు. తెలుగూ జర్మనూ ఏదొచ్చినా మొత్తం కలిపి చెప్పాలి. వెళ్ళేముందు రోజు ఇద్దరూ కూర్చుని ఫోన్‌లో లిస్ట్ రాసుకోండి, అమ్మమ్మని కూడా అడగండి, "బువ్వ", "జో", "టాటా" అన్నీ మాటలే.

కానీ ప్రతిదానికీ "రెండు భాషలు కదా, అందుకే లేటు" అని సర్దిచెప్పుకోవడం కూడా ప్రమాదమే. ఏడాదిన్నరకి ఒక్క మాటా లేకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరక్కపోయినా, రెండేళ్ళు దాటాక రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోతున్నట్టు అనిపించినా ఆగకుండా డాక్టర్‌కి చెప్పండి. ముందు వినికిడి పరీక్ష అడగండి, చెవిలో నీరు చేరి సరిగ్గా వినపడని పిల్లలు చాలామందే ఉంటారు, పైకి తెలియదు. నిజంగా మాటల ఇబ్బంది ఉంటే అది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. తెలుగు గలగలా మాట్లాడుతూ జర్మన్ రాకపోతే దానర్థం జర్మన్ ఇంకా సరిపడా వినలేదని, అంతే.

డాక్టరో కిటా టీచరో "ఇంట్లో కూడా జర్మన్‌లోనే మాట్లాడండి" అంటే?

వినయంగా తల ఊపి, ఇంటికొచ్చి తెలుగులోనే మాట్లాడండి. పాత సలహా అది, ఇప్పుడు చదువుకుని వచ్చే లోగోపెడీ (స్పీచ్ థెరపీ) వాళ్ళు చాలామంది ఆ మాట అనరు, మీ భాషలోనే బాగా మాట్లాడమని వాళ్ళే చెప్తారు. మనకొచ్చిన ఏ-టూ లెవెల్ అరకొర జర్మన్‌తో, ప్రతి మాట ముందూ పెట్టే డెర్ డీ దాస్ సగం తప్పులతో, పిల్లకి కోపం గురించి, భయం గురించి, చచ్చిపోయిన చీమ గురించి ఏం చెప్తాం? పిల్ల అడిగే "ఎందుకు"లకి మన దగ్గర వాక్యాలే ఉండవు, మాటలు తగ్గించేస్తాం. మనకి జర్మన్ మీద పట్టు లేకపోతే అది నేర్పడం కిటా పని. ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల విషయంలో కూడా ఇంటిభాష మానేస్తే మేలని ఇంతవరకూ తేలలేదు, పైగా ఇంట్లో అందరూ మాట్లాడుకునేది ఆ బిడ్డకొక్కదానికే అర్థం కాకుండా పోతుంది.

ఇంట్లో ఎవరు ఏ భాష మాట్లాడాలి? అమ్మ ఒకటి, నాన్న ఒకటి అంటారు కదా?

ఆ పద్ధతికి వందేళ్ళ పైన చరిత్ర ఉంది. ఫ్రాన్స్‌లో జూల్ రోంజా అనే ఆయనకి 1908లో కొడుకు పుట్టాడు, ఆయన ఫ్రెంచ్, భార్య జర్మన్, గ్రామోన్ అనే స్నేహితుడు "ఎవరి భాష వాళ్ళు మాట్లాడండి, కలపొద్దు" అని చెప్తే అలాగే పెంచి 1913లో అదంతా రాశాడు. పిల్లాడికి రెండూ శుభ్రంగా వచ్చాయి. దాంతో ఒక మనిషికి ఒక భాష అనేది శాసనంలా అయిపోయింది.

కానీ ఇది భార్యాభర్తలవి వేరు వేరు భాషలైతే పుట్టిన ఉపాయం. అమ్మా నాన్నా ఇద్దరూ తెలుగు అయిన ఇంట్లో నాన్న పనిగట్టుకుని జర్మనో ఇంగ్లీషో మాట్లాడ్డం ఎందుకు చెప్పండి? బెల్జియంలో డచ్ మాట్లాడే ప్రాంతంలో అనిక్ డె హావర్ అనే ఆవిడ దగ్గర దగ్గర 1900 కుటుంబాల్ని అడిగి 2007లో అచ్చేశారు. ఇంట్లో రెండో భాష వినిపిస్తున్నా నాలుగింట ఒక ఇంట్లో పిల్లలు దాన్ని మాట్లాడట్లేదు. ఒకరికొక భాష పద్ధతిలో ఉన్న ఇళ్ళల్లో సుమారు నాలుగింట మూడొంతుల మందికే పని చేసింది, అమ్మానాన్నలిద్దరూ ఇంట్లో బయటి భాష అసలు వాడకుండా తమ భాషే మాట్లాడిన చోట దాదాపు అందరు పిల్లలూ మాట్లాడారు. కాబట్టి తెలుగు జంటలకి నా జవాబు చాలా చిన్నది: గడప లోపల ఇద్దరూ తెలుగే.

ఇక్కడే అసలు విషయం ఉంది. నేను చూసినంతలో మన పిల్లల తెలుగుని తినేస్తున్నది జర్మన్ కాదు, మన ఇంగ్లీష్. జర్మన్ పాపం కిటా గేటు దగ్గరే ఆగుతుంది, మనకి రాదు కాబట్టి ఇంట్లోకి రాదు. ఇంగ్లీష్ మాత్రం ఇండియా నుంచి మన సూట్‌కేసులోనే వచ్చింది. "కమ్ నాన్నా, షూస్ వేసుకో, క్విక్ క్విక్, లుక్ దేర్ బర్డ్ చూడు, ఈట్ చేసెయ్ బనానా" అని రోజంతా మాట్లాడి, పిల్లకి తెలుగు రావట్లేదని బాధపడతాం. అందులో తెలుగు ఏముంది, "వేసుకో", "చూడు", "చేసెయ్" తప్ప? పక్షి, అరటిపండు, తొందరగా, చెప్పులు అనే మాటలు ఆ పిల్ల ఇంకెక్కడ వింటుంది? విజయవాడలో అయితే మనం అనకపోయినా పక్కింటావిడ అంటుంది, బండివాడు అరుస్తాడు, టీవీ అంటుంది. ఇక్కడ మన నోరొక్కటే. ఫ్రిజ్, ఫోన్, బస్ లాంటివి వదిలేయండి, వాటికోసం తెలుగు మాటలు తవ్వి తియ్యక్కర్లేదు. రంగులు, జంతువులు, పళ్ళు, ఒంటి భాగాలు, రోజువారీ పనులు, ఇవి తెలుగులో అంటే చాలు సగం యుద్ధం అయిపోతుంది.

మరి పిల్లలకి ఇంగ్లీష్ రాకపోతే? రేపు అమెరికాకో ఇండియాకో ట్రాన్స్‌ఫర్ అయితే?

ఇది చాలా నిజమైన భయం, తీసిపారేయను. ఐటీ ఉద్యోగం, ప్రాజెక్ట్ అయిపోతే ఎక్కడికో తెలియదు. అయినా ఐదేళ్ళ లోపు ఇంగ్లీష్ కోసం తెలుగుని పణంగా పెట్టే అవసరం కనపడదు నాకు. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో మూడో క్లాసు నుంచి స్కూల్లోనే ఇంగ్లీష్ ఉంటుంది, అమ్మానాన్నలు ఆఫీసు కాల్స్‌లో మాట్లాడేది విని పిల్లలు మనం నేర్పకుండానే సగం పట్టేస్తారు. దేశం మారితే ఆరేడేళ్ళ పిల్ల కొత్త స్కూల్లో ఒక ఏడాది తిరిగేసరికి ఆడుకోడానికి, పోట్లాడ్డానికి సరిపడా మాట్లాడేస్తుంది, చదువుకి కావాల్సిన ఇంగ్లీష్‌కి ఇంకొన్నేళ్ళు పడుతుంది. ఆ వెసులుబాటు తెలుగుకి లేదు, రేపు ఏ దేశం వెళ్ళినా అక్కడి స్కూలు తెలుగు నేర్పదు.

అయినా మూడు భాషలు పెడతాం అంటే పెట్టండి, మనిషో చోటో గట్టిగా కట్టేయండి. ఉదాహరణకి రాత్రి నాన్న చదివే కథ ఒక్కటే ఇంగ్లీష్, మిగతాదంతా తెలుగు. తోచినప్పుడల్లా తోచిన భాష అయితే మూడింట్లో ఏది పలచనవుతుందో మీకే తెలుసు.

కిటాలో చేర్చబోతున్నాం, పిల్లకి జర్మన్ ఒక్క ముక్క రాదు. ముందు నేర్పాలా?

అక్కర్లేదు. 2013 ఆగస్టు నుంచి ఏడాది నిండిన ప్రతి పిల్లకీ ఇక్కడ కిటా సీటు హక్కు, దొరకడం వేరే కథ అనుకోండి. రెండేళ్ళకో మూడేళ్ళకో చేరినా బడికెళ్ళే ఆరేళ్ళ లోపు వాళ్ళకి చాలా టైం ఉంది. మొదట్లో పిల్లకి అలవాటయ్యేదాకా మనం పక్కన కూర్చునే వారాలు ఉంటాయి కదా, అప్పుడు టీచర్‌కి ఒక కాగితం ఇవ్వండి, నీళ్ళు, పాలు, ఆకలి, నిద్ర, నొప్పి, ఉచ్చ, అమ్మ ఎప్పుడొస్తుంది, ఇవి మీ పిల్ల ఎలా అంటుందో జర్మన్ అక్షరాల్లో, పక్కన అర్థం. మా పిల్లల టీచర్లు ఆ కాగితం అల్మరా తలుపుకి అంటించుకున్నారు, చాలా ఉపయోగపడింది. అటు పిల్లకి కూడా వద్దు, ఇంకా కావాలి, సాయం చెయ్యి అనే నాలుగైదు జర్మన్ మాటలు చెప్పి పంపితే చాలు.

తర్వాత కొన్ని నెలలు కిటాలో నోరు విప్పకపోవచ్చు. దాన్ని సైలెంట్ పీరియడ్ అంటారు, వింటూ పోగేసుకుంటారన్నమాట. ఆడుతోందా, నవ్వుతోందా, చెప్పింది అర్థమై చేస్తోందా చూడండి, అవి ఉంటే ఊరుకోండి. ఏడాది పైబడి అక్కడ ఒక్క మాటా లేకుండా ఇంట్లో మాత్రం గలగలా అంటే అప్పుడు డాక్టర్‌తో మాట్లాడాలి. స్కూలుకి ఏడాదిన్నర ముందు హెస్సెన్‌లో (ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్న మన రాష్ట్రం) రిజిస్ట్రేషన్ టైంలో జర్మన్ ఎంత వచ్చో చూస్తారు, తక్కువైతే ఫోర్‌లాఫ్‌కుర్స్ అని ఉచిత క్లాసులకి పంపుతారు. దాన్ని అవమానంగా తీసుకోవద్దు, పిల్లలు ఎంచక్కా పాటలు పాడుకుంటూ వస్తారు.

తెలుగులో అడిగితే జర్మన్‌లోనే జవాబిస్తుంది. ఏం చెయ్యాలి?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే, మూడున్నర నాలుగేళ్ళప్పుడు మొదలవుతుంది. కిటాలో రోజుకి ఏడెనిమిది గంటలు, ఇంటికొచ్చాక నిద్రలోపు మనకి మిగిలేది మూడు గంటలు, అందులో స్నానం, తిండి. ఆ పిల్ల బుర్రలో ఆ రోజు జరిగిన సంగతులన్నీ జర్మన్‌లోనే జరిగాయి, జర్మన్‌లోనే బయటికొస్తాయి.

ముందు చేయకూడనివి చెప్తా. "తెలుగులో చెప్తేనే ఇస్తా" అని అన్నం దగ్గర, ఏడుపు దగ్గర పట్టుబట్టొద్దు. చుట్టాల ముందు "ఏదీ, ఆంటీకి తెలుగులో పద్యం చెప్పు" అని నిలబెట్టొద్దు, మనలో ఎవరికైనా చిన్నప్పుడు అది ఇష్టంగా ఉండేదా? అన్నిటికంటే ముఖ్యం, పిల్ల జర్మన్‌లోకి మారింది కదా అని మీరూ మారిపోవద్దు.

ఎలిజబెత్ లాంజా అనే ఆవిడ నార్వేలో ఇంగ్లీష్, నార్వేజియన్ రెండూ ఉన్న ఇళ్ళల్లో అమ్మానాన్నలు ఇలాంటప్పుడు ఏం చేస్తారో గమనించి రాశారు, అందులో ఒక వరస ఉంది. ఒక చివర "ఏంటమ్మా, అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు" అనడం. దాని తర్వాత "అంటే... నీళ్ళు కావాలా?" అని ఊహించి అడగడం. ఆ తర్వాత పిల్ల అన్నదాన్నే మన భాషలో తిరిగి అనడం. ఇంకో చివర ఏమీ అనకుండా మాట ముందుకు సాగించడం, చివరికి మనమే అటు మారిపోవడం. పై చివరకి దగ్గరగా ఉంటే పిల్ల మన భాషలోకి వస్తుంది, కింది చివరకి జారితే రాదు. రోజువారీ జీవితంలో మధ్యలోది పట్టుకోండి. పిల్ల "ఇష్ హాబె ఉమ్‌గెఫాలెన్" అంటూ ఏదో తన జర్మన్‌లో మోకాలు చూపిస్తే, "అయ్యో, కింద పడ్డావా? ఎక్కడ పడ్డావు, ఇసకలోనా, మెట్ల మీదా?" అని తెలుగులో రెండు ఆప్షన్లిచ్చి అడగండి. అవును కాదు అని తప్పించుకునే ప్రశ్న వేస్తే తల ఊపి వెళ్ళిపోతుంది, "మెట్ల మీద" అని చెప్పాల్సొచ్చే ప్రశ్న వెయ్యాలి. "కిటాలో ఏం చేశావ్" అని అడిగితే ఏ దేశంలో అయినా జవాబు "ఏం లేదు" అనే.

అన్నిటికన్నా బాగా పనిచేసేది తెలుగు తప్ప వేరే దారి లేని మనుషులు. అమ్మమ్మకి జర్మన్ రాదని పిల్లకి తెలుసు, అమ్మకి వచ్చని కూడా తెలుసు. అవసరం లేని భాష పిల్లలు మాట్లాడరు, పెద్దవాళ్ళం మనం మాత్రం మాట్లాడతామా? అందుకే మీ పిల్ల వయసున్న ఇంకో తెలుగు కుటుంబంతో శనివారం ఆటలు పెట్టుకోండి, ఆ కుటుంబం ఇండియా నుంచి కొత్తగా వచ్చినదైతే ఇంకా మంచిది, వాళ్ళ పిల్లకి జర్మన్ రాదు కాబట్టి. దాగుడుమూతలు, చెమ్మచెక్క, వంటలాట, ఇవి నడిచే రెండు గంటలు ఏ క్లాసుకీ తీసిపోవు.

రెండో పిల్ల సంగతి?

రెండోది ఎక్కువ కష్టం, చెప్పేస్తున్నా. పెద్దది కిటా నుంచి జర్మన్ మోసుకొచ్చి చిన్నదానికి పోస్తుంది, వాళ్ళిద్దరి ఆట భాష జర్మన్ అయిపోతుంది. ఆపలేం. పెద్దపిల్లకి "చెల్లికి తెలుగు కథ నువ్వే చెప్పాలి" అని పెత్తనం ఇస్తే కొంత పనిచేస్తుంది, నాలుగేళ్ళ పిల్లలకి పెత్తనం అంటే ప్రాణం కదా. చిన్నదానితో మీరొక్కరే ఉండే టైం రోజూ కాస్త ఉంచుకోండి.

మాట్లాడుతుంది కానీ అన్నీ తప్పులే. సరిదిద్దాలా?

ఏ తప్పులో చూద్దాం. "నేను ఆకలి" అంటారు, నాకు ఆకలేస్తోంది అనడానికి బదులు. మనం, మేము ఒకటే అయిపోతాయి, జర్మన్‌లో రెండిటికీ ఒకటే మాట కాబట్టి "మేము పార్కుకి వెళ్దామా" అని మననే అడుగుతారు. తాతయ్యని "నువ్వు" అంటారు, కిటాలో టీచర్ని కూడా "డూ" (నువ్వు) అనే పిలుస్తారు మరి. అంకెల్లో జర్మన్‌లో ఒకట్లు ముందు, పదులు తర్వాత చెప్తారు కాబట్టి ఇరవై ఐదుని యాభై రెండు అనేస్తారు. ఇవన్నీ విని విని సర్దుకునేవే. "తప్పు, అలా అనకూడదు" అనే బదులు సరైనది మీ జవాబులో వినిపించండి, "నీకు ఆకలేస్తోందా? నాకూ ఆకలేస్తోంది." అంతే, పాఠం అయిపోయింది. తాతయ్య నువ్వు అంటే బాధపడే రకమైతే ఆయనకే ముందు చెప్పి ఉంచండి, పిల్ల పొగరు కాదని.

ఉచ్చారణ సంగతి కొంచెం వేరు. ట-త, ళ-ల, ణ-న తేడా జర్మన్‌లో లేదు. 1984లో వర్కర్, టీస్ అనే ఇద్దరు కెనడాలో ఇంగ్లీష్ ఇళ్ళ పసిపిల్లలకి హిందీలోని ట, త లాంటి శబ్దాలు వినిపించి చూశారు, ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా పట్టేశారు, ఏడాది దగ్గరకొచ్చిన పిల్లలు పట్టలేకపోయారు. ఇంట్లో వినని తేడాని చెవి వదిలేస్తుందన్నమాట. కాబట్టి పాప పొట్టలో ఉన్నప్పటి నుంచో పుట్టినప్పటి నుంచో వాగుతూనే ఉండండి, స్నానం పోస్తూ, డైపర్ మారుస్తూ. ఇంకేం అర్థమవుతుందిలే అని ఏడాది వరకూ మౌనంగా ఉండటం వద్దు.

తెలుగు రైమ్స్ వీడియోలు పెడితే నేర్చుకుంటారా?

చిన్నపిల్లలు స్క్రీన్ నుంచి భాష నేర్చుకోరు. పాట్రిషియా కూల్ బృందం 2003లో అమెరికాలో తొమ్మిది నెలల పిల్లల దగ్గరికి చైనీస్ మాట్లాడే మనుషుల్ని పంపి ఆడించారు, పుస్తకాలు చదివించారు, పన్నెండు సార్లు. ఆ పిల్లలు చైనీస్ శబ్దాలు పట్టారు. అవే మనుషుల్ని వీడియోలో చూపించిన పిల్లలకి ఏమీ అంటలేదు. 2019లో డబ్ల్యూహెచ్‌ఓ కూడా రెండేళ్ళు నిండేదాకా స్క్రీన్ వద్దంది, ఆ తర్వాత ఐదేళ్ళ లోపు రోజుకి గంట మించొద్దంది. నాలుగైదేళ్ళు వచ్చి తెలుగు బాగా అర్థమయ్యే పిల్లలైతే పక్కన కూర్చుని చూసి మాట్లాడుకుంటే కొత్త మాటలు వస్తాయి, ఒంటరిగా పెట్టేసి మనం గిన్నెలు కడుక్కుంటే అది మన విశ్రాంతి కోసమే, దానికి తెలుగు అని పేరు పెట్టక్కర్లేదు. (నేనూ పెడతాను, గిన్నెలు ఎవరు కడుగుతారు.)

వీడియో కాల్ వేరు, అవతల మనిషి జవాబిస్తారు. కానీ "హాయ్ చెప్పు, అమ్మమ్మకి ముద్దు పెట్టు, బై చెప్పు" అనే కాల్ వల్ల ఏమీ రాదు. అమ్మమ్మ చేతికి పని ఇవ్వండి, ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ మాట్లాడొచ్చు, పిల్ల ఇక్కడ బొమ్మ గీస్తూ చూపించొచ్చు, తాతయ్య రోజుకో కథలో సగం చెప్పి రేపటికి ఆపొచ్చు. టైం చూసుకోండి, ఎండాకాలం మనకన్నా ఇండియా మూడున్నర గంటలు, చలికాలం నాలుగున్నర గంటలు ముందుంటుంది, సాయంత్రం ఆరింటికి ఇక్కడ తీరిక అనుకుంటే డిసెంబర్‌లో వాళ్ళకి రాత్రి పదిన్నర. మా ఇంట్లో శని ఆదివారాలు పొద్దున టిఫిన్ టైమే కుదిరింది.

ఇండియా ట్రిప్ ఎప్పుడు, ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ఆరేళ్ళ లోపే తిరిగేయండి. స్కూలు మొదలైందంటే ఇక్కడ సెలవుల్లో తప్ప తీసుకెళ్ళడానికి లేదు, హాజరు చట్టం, మానిపిస్తే ఫైన్ పడుతుంది, బవేరియాలో సెలవులకి ముందు ఎయిర్‌పోర్టుల్లో పోలీసులు ఆపి అడిగిన సందర్భాలున్నాయి. క్రిస్మస్ సెలవులు మామూలుగా భోగి మంటలకి ముందే అయిపోతాయి, కాబట్టి సంక్రాంతి చూపించాలంటే కిటా వయసులోనే. ఎండాకాలం సెలవులు ఆరు వారాలు, జులై ఆగస్టుల్లో పడితే అప్పటికి మన దగ్గర బడులు జూన్‌లోనే తెరిచేసి ఉంటాయి, కజిన్స్ అందరూ స్కూల్లో.

ఇంకో తమాషా, ఎవరూ ముందు చెప్పరు. హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీలో దిగితే కజిన్స్ మీ పిల్లతో ఇంగ్లీష్ మాట్లాడతారు! ఫారిన్ నుంచి వచ్చిందని అత్తలూ మామయ్యలూ కూడా ఇంగ్లీషే. మీరు అంత డబ్బు పెట్టి టికెట్లు కొని తెలుగు కోసం వెళ్తే జరిగేది ఇది. ముందే అందరికీ చెప్పండి, "దీనికి ఇంగ్లీష్ రాదు, తెలుగులోనే మాట్లాడండి" అని. నిజమే కూడా. ఊళ్ళో ఇల్లుంటే అక్కడ రెండు వారాలు ఉంచండి, తాతయ్యతో కొట్టుకి పంపండి, పాలవాడితో, గేదెతో మాట్లాడనివ్వండి. మీరు పక్కన దుబాసీలా నిలబడొద్దు.

తిరిగొచ్చాక కిటాలో మొదటి వారం జర్మన్ తడబడుతుంది, టీచర్ కంగారు పడొచ్చు. కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది.

పెద్దవాళ్ళని ఇక్కడికి రప్పిస్తే?

అంతకన్నా మంచి తెలుగు బడి లేదు. షెంజెన్ విజిట్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు కాబట్టి అమ్మమ్మా తాతయ్యల్నీ, నానమ్మా తాతయ్యల్నీ ఒకేసారి పిలవకుండా ఒకరి తర్వాత ఒకరిని పిలిస్తే ఆర్నెల్లు ఇంట్లో తెలుగు మోగుతుంది. వచ్చినవాళ్ళు పిల్ల దగ్గర రెండు జర్మన్ మాటలు నేర్చుకుని మురిసిపోతూ అవే వాడుతుంటారు, ఆపండి.

రైల్లో, పార్కులో, వేరే దేశాల ట్రిప్పుల్లో అందరి ముందు తెలుగు మాట్లాడ్డం బాగుంటుందా?

బాగానే ఉంటుంది. పక్కన జర్మన్ స్నేహితులు ఆటలో ఉంటే వాళ్ళకి వినపడాల్సింది జర్మన్‌లో, మీ పిల్లకి చెప్పాల్సింది తెలుగులో, రెండూ చెప్పండి. పిల్లలు సిగ్గుపడి "అమ్మా, ఇక్కడ మాట్లాడకు" అనే వయసు ఐదారేళ్ళప్పుడు వస్తుంది, అప్పుడు గొంతు తగ్గించండి, భాష మార్చొద్దు. ఇటలీ, స్పెయిన్ ట్రిప్పుల్లో అయితే తెలుగు మా ఫ్యామిలీ రహస్య భాష, "పక్క టేబుల్ తాత సూప్ చప్పుడు చేస్తూ తాగుతున్నాడు" లాంటి గొప్ప విషయాలన్నీ అందులోనే నడుస్తాయి. కానీ లగేజ్ లాగుతున్న అంకుల్ కూడా తెలుగువాడే అయ్యే అవకాశం యూరప్‌లో ఈమధ్య బాగా పెరిగింది, చూసుకుని మాట్లాడండి.

మా ఆయనది కరీంనగర్, నాది గుంటూరు. ఏ తెలుగు నేర్పాలి?

రెండూ. ఎవరిది వాళ్ళు మాట్లాడండి. పిల్ల నాన్నతో "గట్లనే" అని, అమ్మతో "అలాగే" అంటుంది, మీకంటే బాగా మేనేజ్ చేస్తుంది.

చదవడం, రాయడం ఎప్పుడు మొదలెట్టాలి?

మాట గట్టిపడ్డాక. నాలుగేళ్ళకే అ ఆలు దిద్దించి మాట్లాడ్డం మాత్రం ఇంగ్లీష్‌లో నడిపే ఇళ్ళున్నాయి, అది వరస తిరగబడ్డట్టు. ఇక్కడ ఆరేళ్ళకి ఒకటో క్లాసులో జర్మన్ అక్షరాలు మొదలవుతాయి, దానికి ముందో లేదా అది కుదురుకున్నాక రెండో క్లాసులోనో తెలుగు పెట్టుకోండి, రెండు లిపులు ఒకే నెలలో వద్దు. తెలుగులో ఒక సుఖం ఏంటంటే గుణింతాలు, ఒత్తులు పట్టుబడితే ఏది రాస్తే అదే చదవడం, ఇంగ్లీష్ స్పెల్లింగుల గోల లేదు. ఇంగ్లీష్ లిపిలో తెలుగు రాసి చదివించడం మాత్రం వద్దు, ట, త, ద, డ అన్నీ ఒకటై కూర్చుంటాయి.

పుస్తకాలకి సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్ళవి, చెన్నై తూలిక వాళ్ళ రెండు భాషల పుస్తకాలు ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో పచ్చళ్ళ పక్కన కాస్త చోటిచ్చి తెచ్చుకోండి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు లెవెల్ వారీగా ఉచితంగా ఉన్నాయి, ప్రింట్ తీసుకోవచ్చు. క్లాసు కావాలంటే సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి నడుపుతోంది, కానీ వారానికోసారి క్లాసు ఇంట్లో మాటకి తోడే, బదులు కాదు. పుస్తకంలో భాష గ్రాంథికంగా, మీ పిల్లకి కొరుకుడు పడకుండా ఉంటే బొమ్మలు చూపిస్తూ మీ మాటల్లో చెప్పేయండి, ఎవరూ అడగరు.

మళ్ళీ దేశం మారుతున్నాం. వచ్చిన జర్మన్ పోతుందా?

పోతుంది, చిన్నపిల్లలకి చాలా తొందరగా. మనం అనుకుంటాం చిన్నప్పుడు వచ్చిన భాష ఎక్కడో లోపల ఉంటుందని. కొరియా నుంచి ఫ్రాన్స్‌కి మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ మధ్య దత్తత వెళ్ళిన వాళ్ళని పెద్దయ్యాక పాలియే బృందం పరీక్షిస్తే, 2003లో వచ్చింది ఆ పని, కొరియన్ వాక్యాల్ని గుర్తుపట్టడంలో వాళ్ళకీ మామూలు ఫ్రెంచ్ వాళ్ళకీ తేడా లేకపోయింది. అంతగా మాటలొచ్చిన పిల్లలు కూడా, భాష పూర్తిగా ఆగిపోయేసరికి. జర్మన్ ఉంచాలనుకుంటే వెళ్ళిన ఊళ్ళో శనివారం జర్మన్ స్కూలుందేమో వెతకండి, ఇక్కడి స్నేహితురాలితో వీడియో కాల్ పెట్టించండి, జర్మన్ ఆడియో కథలు తీసుకెళ్ళండి. అన్నీ చేసే ఓపిక లేకపోతే ఏది వదలాలో మీరే తేల్చుకోండి, నేనైతే జర్మన్ వదిలేస్తాను, తెలుగు వదలను.

మా వాడికి ఆరేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, ఒక్క ముక్క మాట్లాడడు. లేటయిపోయిందా?

అర్థమవుతోందంటే సగం పైన ఉన్నట్టే. రేపటి నుంచి ఇంట్లో అంతా తెలుగు అని రూల్ పెడితే మాత్రం వాడు తిరగబడతాడు, ఆరేళ్ళవాడికి మీతో ఒక భాష అలవాటైపోయింది. ఒక్క పని ఎంచుకోండి, రాత్రి దీపం ఆర్పాక కథ, లేదా ఆదివారం దోశలు, లేదా కారులో వెళ్ళే దారి. ఆ ఒక్కచోట తెలుగే, మొదట్లో మీరే మాట్లాడతారు, వాడు జర్మన్‌లో జవాబిస్తాడు, పర్లేదు. రెండు నెలలు అలా నడిచాక ఇంకోటి కలపండి. వీలైతే ఆ ఎండాకాలం మీరు లేకుండా అమ్మమ్మ దగ్గర మూడు నాలుగు వారాలు ఉంచండి. రెండో వారంలో వాడే ఫోన్ చేసి మామిడికాయ ఉప్పు కారం గురించి ఏదో చెప్తాడు, అందులో సగం జర్మన్ ఉంటుంది, మీరు తెలుగులో "ఇంకేం తిన్నావ్?" అని అడగండి.